కరెంటు లేకుండా వేగిన గారెలు

కిందటి వారం మిమ్మల్ని మా మడి వంటింటి గడప ఇవతల నిలబెట్టి వదిలేశాను. పాపం, అప్పట్నుంచీ అక్కడే ఉండి ఉంటారు. నేనూ అక్కడే ఉన్నాను. చంకలో మామిడి ఒరుగుల చేట, నెత్తి నిండా దుమ్ము.

మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. మా ఆయన లక్ష్మీనరసింహారావు గారికి గుండెలో స్టెంటు వేసినప్పటి నుంచి మా ఇంట్లో నూనె మూకుడు పొయ్యి ఎక్కడం లేదు. గారెలైనా బజ్జీలైనా ఎయిర్ ఫ్రయర్‌లోనే. ఆ మెషీను మా అత్తగారు వెంకటరత్నమ్మ గారి మడి వంటింట్లో, గడపకి లోపలి పక్కనే ఉంటుంది. బుర్ర నాది, చెయ్యి ఆవిడది. మడి కట్టుకోని నేను గడప ఇవతల నిలబడి చెప్తాను, ఆవిడ లోపల చేస్తారు. ఆ రోజు తిథుల ప్రకారం ఈయన పుట్టినరోజు. ఆవిడ గారెలు మెషీన్లో పెట్టి మర తిప్పారు. ఈదురుగాలి లేచిందని నేను డాబా మీద ఎండబెట్టిన ఒరుగులు తీయడానికి పరిగెత్తాను. పైన అడుగు పెట్టానో లేదో ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. వీధి వీధంతా కరెంటు పోయింది. ఒరుగులన్నీ ఏరుకుని కిందికి దిగేసరికి మెషీను గంట టింగుమంది. అది పాతరకం మర, కరెంటు ఉన్నా లేకపోయినా తిరగాల్సినంత తిరిగి గంట కొట్టేస్తుంది. హాల్లో మా ఆయన ఎర్రగా వేగిన గారె తుంచి అల్లప్పచ్చడిలో అద్దుకుంటూ, "మెషీను గారెలంటే ఇవీ! నీ చెయ్యి తిరిగిపోయింది కామేశ్వరీ" అన్నారు. గారె మీద పొగలు లేస్తున్నాయి. నేను గడప మీంచి వంగి మెషీను మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

అదీ సంగతి. ఇప్పుడు గడప దాటుతున్నాను, రండి.

"మడే! మడీ! అయ్యయ్యో, ఏంటే ఈ అఘాయిత్యం!" అని మా అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి ఒక్క కేక పెట్టారు.

ఆవిడ మడిలో ఉండగా ఆ గడప లోపల నేను కాలు పెట్టడం అదే మొదలు. పెళ్ళయి వచ్చిన కోడలి దగ్గర్నుంచి కూతుర్ని ఇంజనీరింగుకి పంపిన తల్లిదాకా అయ్యాను, ఆ గడపకి మాత్రం ఎప్పుడూ బయటే. బయట నుంచి చూస్తే మెషీను కనిపిస్తుంది, దేవుడి గూడు కనిపిస్తుంది. పొయ్యి కనిపించదు, మధ్యలో గోడ అడ్డం. ఆ గోడని చూసి నేనెప్పుడూ ఏమీ అనుకోలేదు. గోడే కదా అనుకున్నాను.

ఆ గోడ వెనకాల గ్యాసు పొయ్యి మీద మూకుడు ఉంది. మూకుడు నిండా నూనె. నూనెలో మూడు గారెలు తీరిగ్గా ఈదుతున్నాయి. మా అత్తగారి చేతిలో చిల్లుల గరిటె.

"మైలపడితే మళ్ళీ నీళ్ళు పోసుకుందురు గాని అత్తయ్యా. ముందు ఇదేంటో చెప్పండి."

"ఏంటంటే ఏం చెప్పను? నూనె."

"నూనె అని నాకూ తెలుసు!"

"తెలిస్తే అడగడం దేనికి?" అని ఆవిడ గారెలు తీసి పళ్ళెంలో వేసి పొయ్యి కట్టేశారు. అటు తిరిగి నిలబడ్డారు.

ఈలోగా మా ఆయన పచ్చడి చేత్తోనే లేచి వచ్చారు. వస్తూ వస్తూ గొంతులో ఎంత అమాయకత్వమో చూడండి, "ఏంటమ్మా గొడవ? ఏమైంది కామేశ్వరీ?" అన్నారు.

నేను ఆయన్ని దాటుకుని హాల్లోకి వెళ్ళి, ఆయన తింటున్న కంచంలోంచి గారె తీశాను. మా ఇళ్ళల్లో ఎంగిలి కంచంలో చెయ్యి పెట్టం. పెట్టకూడదు గనకనే నా కంచంలో గారెలు వేరు, ఆయన కంచంలో గారెలు వేరు అని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ఆయన తిని లేచాక నేను కూర్చునేదాన్ని. నాకు అత్తగారు వడ్డించినవి మెషీనువే. మా ఆయన మెచ్చుకున్నవీ అవేననుకుని, నా మటుకు నేను మురిసిపోతూ తిన్నాను. ఆ గారెతో వంటింట్లోకి తిరిగొచ్చి, గుప్పిట్లో పెట్టి పిండాను. నూనె వేళ్ళ సందుల్లోంచి కారి గాజుల దాకా వచ్చింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

మా అత్తగారు కొడుకు వైపు చూశారు. కొడుకు హాల్లోని సీలింగు ఫ్యాను వైపు చూశారు. మా ఇన్వర్టరు ఫ్యానూ లైటూ తప్ప ఇంకేదీ లాగదు, అది నెమ్మదిగా తిరుగుతోంది.

ఆ చూపుతో నాకు మాఘమాసం గుర్తొచ్చింది. మీకు ఆ రోజు గురించి ఇంతకుముందు చెప్పలేదు, చెప్పుకోవడానికి సిగ్గేసింది. విజయవాడలో డాక్టరు గారు రక్తపరీక్ష చూసి ఈయన్ని ఏమీ అనలేదు, నన్నన్నారు. "ఇంట్లో వంట ఎవరిదమ్మా? చదువుకున్నవాళ్ళలా ఉన్నారు. నూనె మానేశామని మీరంటే నేను నమ్మాలా? మీ చేతులతో మీ ఆయన్ని మీరే పోగొట్టుకుంటారా?" అన్నారు. బయట కూర్చున్న రోగులందరికీ వినిపించింది. నేను తల దించుకున్నాను. అప్పుడు ఈయన నా పక్కనే కూర్చుని, సరిగ్గా ఇలాగే, ఫ్యాను చూశారు. బస్సులో హనుమాన్ జంక్షన్ దాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఈయన నా చెయ్యి పట్టుకుని, "పోనీలే, నీ తప్పేం లేదులే కామేశ్వరీ. నువ్వు చేయగలిగింది నువ్వు చేస్తున్నావు" అన్నారు.

నన్ను క్షమించారండీ ఈయన! కడుపులో మూకుడు గారెలు పెట్టుకుని నన్ను క్షమించారు!

"చెప్పండి, ఎప్పట్నుంచి?" అని మళ్ళీ అడిగాను.

ఆయన నీళ్ళు నమిలారు. "అది కాదు కామేశ్వరీ... నువ్వు అంత కష్టపడి నేర్చుకున్నావు. బాగాలేవంటే బాధపడతావని..."

"బాగాలేవా?"

"బాగున్నాయి! బాగానే ఉన్నాయి. కానీ గారె అంటే... కాస్త నూనెలో పడితేనే కదా అది గారె. అమ్మని నేనే అడిగాను. ఎప్పుడైనా ఒకటీ అరా వెయ్యమ్మా అని."

"ఒకటీ అరానా? పోయిన శ్రావణం నుంచి శుక్రవారం శుక్రవారం పొట్ట పట్టినన్ని తిన్నాడు" అని గోడ వైపు తిరిగే మా అత్తగారు సరిచేశారు.

ఒళ్ళు మండిపోయింది. ఆ మెషీను ముందు నేను ఎన్ని అవస్థలు పడ్డానో వీళ్ళిద్దరికీ తెలుసు. మొదటిసారి పిండి బుట్ట చిల్లుల్లోంచి కారిపోయి అడుగున మాడింది. రెండోసారి వచ్చినవాటిని మా అమ్మాయి శ్రీహిత గోడకేసి కొడితే సున్నం రాలింది. స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చి, చీర కూడా మార్చకుండా గడప ఇవతల నిలబడి ప్రయోగాలు చేయించాను. పిండి నీళ్ళు తగలకుండా గట్టిగా రుబ్బాలని తెలుసుకున్నాను. తట్టిన గారెల్ని ముందు ఇడ్లీ పళ్ళెంలో సగం ఉడకనిచ్చి, చల్లారాక పైపైన చెంచాడు నూనె రాసి, మెషీను ఖాళీగా వేడెక్కాక, ఒకదాని మీద ఒకటి పడకుండా సర్ది, మధ్యలో ఒకసారి తిరగేస్తే, పైన కరకరమని, లోపల దూదిలా వచ్చాయి. వచ్చిన రోజు నేను వంటింటి గడప ఇవతల చిన్నపిల్లలా గెంతాను. ఈయన కంచం ఖాళీ చేసి, "అద్భుతం" అన్నారు.

ఇంకో మాట చెప్తే నవ్వుతారు. ఈ ఏడు మా ఇంట్లో ఆవకాయ పెట్టలేదు. నూజివీడు చుట్టుపక్కల, సొంత తోట ఉన్న ఇంట్లో, కొత్తావకాయ లేకుండా వేసవి వెళ్ళిపోతోందంటే వినేవాళ్ళు ఎవరో పోయారనుకుంటారు. జాడీ ఎదురుగా ఉంటే ఈయన నోరు ఊరుకోదని నేనూ మానేశాను. మా దొడ్లో చెట్టు కాయ ఒరుగులు చేసుకుని, పప్పులో వేసుకుని తింటున్నాను. ఆయనకి లేనిది నాకెందుకని.

"నేను ఆవకాయ మానేశానండీ" అన్నాను. ఇంకేదో అందామనుకుంటే అదే వచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతి నిండా నూనె.

అప్పుడు మా అత్తగారు ఇటు తిరిగారు. గరిటె కింద పెట్టి, మడిచీర కొంగుతో నా మొహం తుడిచారు. మడి సంగతి ఆవిడే మరిచిపోయారు.

"ఏడవకు. పూర్తిగా వినకుండా ఏడుస్తావేంటి? మాఘంలో నువ్వు డాక్టరు దగ్గర్నుంచి వచ్చి దొడ్లో కుళాయి తిప్పుకుని ఏడిచావు చూడు, నేను కిటికీలోంచి చూశాను. ఆ పూటే మూకుడు అటకెక్కించాను. మళ్ళీ దించితే ఒట్టు."

"మరి ఇదేంటి?" అని మూకుడు చూపించాను.

"ఇవాళ దించాను. అదిగో స్టూలు, ఇంకా అటక కిందే ఉంది. వాడి పుట్టినరోజు, దేవుడి ముందు గారె పెట్టాలి. కరెంటు చూస్తే పోయింది, పిండి చూస్తే పులిసిపోతుంది. నువ్వు డాబా మీద ఉన్నావు. ఒక్క పూటకేం లెమ్మని దించాను. అమ్మవారి మీద ఒట్టు, మాఘం నుంచి ఇవాళ్టి దాకా వాడి కంచంలో వేసినవి నీ మెషీను గారెలే."

మా ఆయన నోరు తెరిచారు. "అదేంటమ్మా? మరి మొన్న శుక్రవారంవి?"

"దాని మెషీనువే."

"ఉగాదివి?"

"అవీ దానివే రా! 'అమ్మా, నీ మూకుడు గారె ముందు కామేశ్వరి మెషీను ఎందుకు పనికొస్తుందే' అని నా చెవిలో అంటూ ఆవురావురుమని తిన్నావే, అవి దాని మెషీను గారెలే. నీకు చెప్తే గొడవ చేస్తావని చెప్పలేదు."

నాకు నవ్వొచ్చింది. నిజం, ఏడుపు మధ్యలో పకపకా నవ్వాను. మా అత్తగారూ మూతి బిగబట్టుకుని ఇక ఆగలేక నవ్వేశారు. నా గారె గెలిచింది! నూనె గారెకి అలవాటు పడ్డ నాలుక, కొడుకు నాలుక, నెలల తరబడి మోసపోయింది. ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి? మా ఆయన తెల్లమొహం వేసి, తనని ఇద్దరాడవాళ్ళూ కలిసి దగా చేసినట్టు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు.

నవ్వుతూనే ఉన్నాను. ఎక్కడో మధ్యలో నవ్వు ఆగిపోయింది.

కిందటి సోమవారం మళ్ళీ రక్తపరీక్ష చేయించాం. మాఘంలో కంటే కొవ్వు ఇంకా పెరిగింది. డాక్టరు గారు ఈసారి నన్ను తిట్టలేదు, అదే భయమేసింది. నెమ్మదిగా మాట్లాడారు. వచ్చే సోమవారం బట్టలు సర్దుకుని రండి, ఆపరేషన్ సంగతి చూద్దాం అన్నారు. అత్తగారు మాఘంలోనే మూకుడు అటకెక్కించారు. నేను ఎప్పుడూ నూనె పోయలేదు. మరి కొవ్వు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ లెక్క నేను వేస్తుండగానే మా అత్తగారూ వేశారు. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"ఒరేయ్ నరసింహం, ఎక్కడ తింటున్నావురా?"

"నేనెక్కడ తింటానమ్మా? ఆఫీసు, తోట, ఇల్లు. అంతే కదా."

తోట. ఆ మాట తనంతట తనే అన్నారు, అని నాలుక కరుచుకున్నారు. రెడ్డిగూడెం దగ్గర మా తోట. రోజూ ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, స్కూటరు తీసి, "కాయ ఎలా ఉందో చూసి వస్తా" అని వెళ్తారు. చీకటి పడ్డాక వస్తారు. ఆకలి లేదంటారు, మజ్జిగ చాలంటారు. పథ్యం బాగా చేస్తున్నారని నేను దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

"మన తోట పూతలోనే వీరయ్యకి ఇచ్చేశాం కదండీ" అన్నాను. "పూత చూసి బేరం చేసి, కాయ మొత్తం అతనే కొనుక్కున్నాడు. కాపలా అతనిది, కోత అతనిది. పండితే అతనికి, రాలితే అతనికి. మీరు రోజూ వెళ్ళి ఎవరి కాయ చూస్తున్నారు?"

"చెట్లు మనవే కదా..." అన్నారు.

నేను గోడకున్న మేకు మీంచి స్కూటరు తాళం తీశాను.

"కామేశ్వరీ! వర్షం పడుతోంది, ఇప్పుడెందుకు? రేపు చూద్దాం."

"ఏం చూద్దాం?"

నేను వాకిట్లోకి వెళ్ళాను. చినుకులు పెద్దవిగా పడుతున్నాయి, గాలికి రాలిన పిందెలు, ఆకులు గేటు దాకా కొట్టుకొచ్చాయి. వెనకాలే మా అత్తగారు, మడిచీరతోనే వాకిట్లోకి వచ్చేశారు. ఆయన మాత్రం గుమ్మంలోనే ఉండిపోయారు.

సీటు ఎత్తాను. పైన రెయిన్ కోటు. ఎన్నడూ వేసుకోని రెయిన్ కోటు, ఇస్త్రీ బట్టలా మడిచి ఉంది. దాని కింద స్టీలు డబ్బా. మూత తియ్యకముందే మిరపకాయ బజ్జీ వాసన గుప్పుమంది. మూత తీశాను. అడుగున పరిచిన కాగితం నూనెకి అద్దంలా అయిపోయింది. రెండు బజ్జీలు మిగిలాయి, నిన్నటివి.

"హోటలువి కావు" అన్నారు మా అత్తగారు, పక్క నుంచి వంగి చూసి. "వాము దట్టించారు. ఇంట్లో చేసినవి."

మూత తిప్పి చూశాను. మన ఇళ్ళల్లో గిన్నె మీద పేరు చెక్కించడం మామూలే కదా. అందుకే తిప్పాను, ఎవరిదో తెలుస్తుందని.

కామేశ్వరి అని ఉంది.

నా పెళ్ళికి మా అమ్మ పెట్టిన డబ్బా. దగ్గరుండి పేరు చెక్కించింది. ఇది నా డబ్బా. ఉగాది నాడు నా చేతులతో నేనే ఎదురింటి సుజాతకి ఇచ్చాను, నిండా నా ఎయిర్ ఫ్రయర్ గారెలు పెట్టి.

సుజాత మీకు తెలుసు. రెండు భాగాల కిందట మా ఇంటికి ఎయిర్ ఫ్రయర్ పాఠాలకు వచ్చిందే, ఆ అమ్మాయే. మొగుడు లారీ మీద తిరుగుతూ ఎప్పుడో గాని ఇంటికి రాడు. నన్ను చూసి తనూ మెషీను కొనుక్కుంది. ఆదివారం వచ్చి, గడప ఇవతల నా పక్కనే నిలబడి, "ఎంత చూసినా నాకు మీలాగ రావట్లేదక్కా" అంటుంది. వెళ్ళేముందు ప్రతిసారీ ఒకే మాట అడుగుతుంది, "బావగారు తిన్నారా?" అని. ఎంత మంచి పిల్ల అనుకున్నాను. డబ్బా తిరిగి రాకపోతే, ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదా, అందులో ఏదైనా పెట్టి ఇవ్వాలని చూస్తోంది కాబోలు అనుకున్నాను.

నిజమే. ఖాళీగా ఇవ్వలేదు.

నేను గుమ్మం వైపు తిరిగాను. మా ఆయన ఈసారి ఫ్యాను వైపు చూడలేదు, వాకిట్లో ఫ్యాను లేదు కదా. నా వైపూ చూడలేదు. నా భుజం మీంచి ఎదురింటి వైపు చూస్తున్నారు. ఆయన మొహంలో భయం ఉంది. అది నన్ను చూసి పుట్టిన భయం కాదు. అంతవరకూ నాకు బజ్జీల మీదే కోపం. ఆ మొహం చూశాక డబ్బా మూత పెట్టేశాను.

"ఏంటండీ?" అన్నాను. "బజ్జీలేనా? ఇంకేమైనా ఉందా?"

"కామేశ్వరీ, ఆ అమ్మాయినేమీ అనకు" అన్నారు ఆయన. పచ్చడి చెయ్యి ఇంకా కడుక్కోలేదు. "నీకు అన్నీ చెప్తాను. ముందు లోపలికి రా. ఆ అమ్మాయినేమీ అనకు."

సోమవారం ఆస్పత్రికి వెళ్ళాల్సిన మనిషి, నన్ను అంతలా ఏడిపించిన మనిషి, ముందుగా వెనకేసుకొచ్చింది ఆ పిల్లని. మా అత్తగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ కూడా విన్నారు.

అప్పుడే వీధిలో దీపాలు వెలిగాయి. ఎవరింట్లోనో టీవీ గొంతెత్తింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చినుకుల్లో నెత్తి మీద పళ్ళెం అడ్డం పెట్టుకుని సుజాత రోడ్డు దాటి మా గేటు దాకా వచ్చింది.

"అక్కా, కరెంటొచ్చేసింది! పుట్టినరోజు గారెలు ఎలా వచ్చాయి?" అని నవ్వుతూ అడిగింది. "బావగారు తిన్నారా?"

డబ్బా నా చేతిలోనే ఉంది. నేను గేటు గడియ తీశాను.